నెత్తురు ఇచ్చాను, రిజల్ట్ మాత్రం నాకు చెప్పలేదు

ఒక్క రక్తపరీక్షతో పెద్దపేగు క్యాన్సర్ సంగతి తెలిసిపోతుంటే ఇంకా పేగులోకి కెమెరా పెట్టి చూసే కొలనోస్కోపీ ఎందుకని మా ఇంట్లో కొన్నాళ్లుగా వాదన నడుస్తోంది. వాదించేది మా ఆయన. ఆయనకు యాభై దాటి చాలాకాలమైంది. డాక్టరు ఏటా గుర్తుచేస్తారు, ఈయన ఏటా "వచ్చే సంవత్సరం చూద్దాం" అంటారు. 2024 జులైలో షీల్డ్ అనే అలాంటి రక్తపరీక్షకు, అమెరికాలో మందులకూ పరీక్షలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సరేనందన్న వార్త చూసిన దగ్గర్నుంచి ఆయన గొంతు ఇంకాస్త పెరిగింది.

ఈ విషయంలో నాకూ చెప్పుకోడానికి ఒకటుంది. ఆ తరహా రక్తపరీక్ష అసలు పనిచేస్తుందా లేదా అని తేల్చే ఒక అధ్యయనంలో 2022లో నేను నెత్తురు ఇచ్చాను.

మేముండేది డాలస్ దగ్గర. అప్పటికి నాకు యాభై నిండాయి. అంతకు ముందు ఏడాదే ఎవరెప్పుడు ఏ పరీక్ష చేయించుకోవాలో చెప్పే ఇక్కడి నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు రాకముందే వెతకడం) మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించింది. కాబట్టి మా డాక్టరమ్మ లెక్కలో నేను ఆలస్యంగా వచ్చినదాన్నే. కొలనోస్కోపీ చేయించుకోమంటే నేను మారుమాట్లాడలేదు. మా బాబాయి సంగతి కళ్లారా చూసినదాన్ని. ఆయనది తెనాలి దగ్గర పల్లె. విరేచనంలో రక్తం పడుతుంటే అందరూ మొలలన్నారు, ఆయనా అదే అనుకున్నాడు. కారం మానేశాడు, మజ్జిగ తాగాడు, ఎవరో ఇచ్చిన ఆకుమందు మింగాడు. గుంటూరు తీసుకెళ్లేసరికి జబ్బు కాలేయానికి పాకింది. రక్తం పడేవాళ్లలో ఎక్కువమందికి మొలలే ఉంటాయి, నిజమే. అవి మొలలేనా అని ఒక్కసారి చూపించుకోకపోవడమే కొంప ముంచింది.

కొలనోస్కోపీకి తేదీ ఇచ్చాక క్లినిక్ నుంచి ఇంకో ఫోన్ వచ్చింది. ఒక స్టడీ జరుగుతోందని, కొలనోస్కోపీకి ముందు కొంచెం రక్తం ఇస్తే చాలని చెప్పారు. సరే వస్తానన్నాను. అక్కడ కోఆర్డినేటర్ అమ్మాయి ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, ఫైల్లో నా ఇంటిపేరు చూసి ఆగింది. "తెలుగా ఆంటీ? మాది హనుమకొండ" అంది. ఇక ఆ కాయితాలన్నీ మా ఇద్దరికీ తేలికైపోయాయి.

మొదట ప్రశ్నలు. అమ్మానాన్నలకు గానీ, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకు గానీ, పిల్లలకు గానీ పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా? పేగుపూత జబ్బులున్నాయా? ఇదివరకు పాలిప్స్, అంటే పేగు గోడ మీద పెరిగే బుడిపెలు, తీశారా? రక్తం పడుతోందా? నేను బాబాయి సంగతి చెప్పాను. ఆయన ఈ లెక్కలోకి రాడట. రక్తసంబంధం ఒక మెట్టు దూరమైంది కాబట్టి నేను 'సగటు రిస్కు' కిందికే వస్తానంది. ఈ స్క్రీనింగ్ పరీక్షలన్నీ అలాంటివాళ్ల కోసమే, అంటే ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, చివర్లో దీని అవసరం వస్తుంది.

తర్వాత ఒప్పందపత్రం. అందులో ఒక వాక్యం దగ్గర ఆగాను. రక్తపరీక్ష ఫలితం నాకు చెప్పరట.

"అదేంటమ్మా, నా నెత్తురు, నాకే చెప్పరా?"

"మీకే కాదు ఆంటీ, మాక్కూడ చెప్పరు. ల్యాబువాళ్లకు మీ పేరు తెల్వదు, కొలనోస్కోపీలో ఏమొచ్చిందో తెల్వదు. ఇటు డాక్టరుకేమో బ్లడ్ రిజల్ట్ తెల్వదు. అందరియి అయినంక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తరు."

"మరి నాకేం లాభం?"

"గిఫ్ట్ కార్డు ఇస్తం ఆంటీ" అని నవ్వింది.

కాస్త ఆలోచిస్తే ఆ గోప్యతే సరైనదనిపించింది. రక్తంలో ఏదో ఉందని డాక్టరుకు ముందే తెలిస్తే పేగులో ఇంకాస్త పట్టిపట్టి వెతుకుతాడు. అప్పుడు పరీక్ష గొప్పదా, డాక్టరు పట్టుదల గొప్పదా తేల్చలేం. సంతకం పెట్టాను.

రక్తంలో ఏం వెతుకుతారని అడిగితే ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. అప్పుడు సగమే అర్థమైంది. తర్వాత చదువుకుని మిగతాది కలుపుకున్నాను. డీఎన్ఏ అంటే ఏ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో రాసిన రాత అనుకోండి. అందులో సి అక్షరం పక్కన జి వచ్చే చోట్ల, ఆ సి మీద మీథైల్ అనే చిన్న రసాయన గుంపు వచ్చి అతుక్కోవచ్చు. ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు, అంతే దాని పరిమాణం. శుభలేఖ అచ్చయ్యాక అంచులకు పసుపు రాస్తాం కదా, లోపలి అక్షరం ఒక్కటీ మారదు, చూసేవాళ్లకు మాత్రం అది ఏ కబురో అర్థమైపోతుంది. మీథైలేషన్ కూడా అలాంటిదే. జన్యువులో రాత అలాగే ఉంటుంది, ఆ రాత మొదలయ్యే చోట ఈ గుర్తులు గుంపుగా పడితే కణం ఆ జన్యువును చదవడం మానేస్తుంది. పేగు కణం క్యాన్సర్ వైపు మళ్లేటప్పుడు, పెరుగుదలను అదుపులో పెట్టే కొన్ని జన్యువులు ఇలాగే మూగబోతాయి. సెప్టిన్9 అనే జన్యువు దగ్గర పడే గుర్తులే ఈ రంగంలో ముందుగా పేరు తెచ్చుకున్నాయి. దాని మీద ఆధారపడ్డ ఎపి ప్రోకోలన్ అనే పరీక్షకు 2016లోనే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, అదీ మిగతా పరీక్షలు వద్దన్నవాళ్లకు మాత్రమే.

ఇక ఇది రక్తంలోకి ఎలా వస్తుందంటే, కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలై రక్తంలో కలుస్తుంది. ఒక్కో ముక్క సుమారు 160, 170 అక్షరాల పొడవు. గంటల్లోనే శరీరం వాటిని ఊడ్చేస్తుంది, మళ్లీ కొత్తవి వస్తుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ ముక్కలు ఎక్కువగా తెల్ల రక్తకణాలవే. ఎక్కడో పేగులో గడ్డ ఉంటే దాని ముక్కలూ కలుస్తాయి, కానీ బాగా తక్కువ. తొలిదశలో వందో వంతు కూడా ఉండకపోవచ్చు.

సూది వేసినప్పుడు నేను చూసినదాని వెనక ఉన్న కారణం అదే. మామూలు షుగర్ పరీక్షకు తీసే గొట్టాలు కావవి, పెద్దవి. లోపల ముందే ఏదో ద్రవం పోసి ఉంది. రక్తం తీసే ఆవిడ గొట్టం నిండగానే దాన్ని బోర్లించి, నిలబెట్టి, మళ్లీ బోర్లించి, లోపల లెక్కపెట్టుకుంటూ ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిప్పింది. ఊపకూడదట. ఊపితే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ అంతా బయటికి వచ్చేస్తుంది, అసలే కొంచెంగా ఉన్న గడ్డ తాలూకు ముక్కలు అందులో మునిగిపోతాయి. ఆ ద్రవం ఉన్నది కూడా తెల్లకణాలు పగలకుండా పట్టి ఉంచడానికే. ఫ్రిజ్‌లో పెట్టరా అంటే వద్దంది. గది వేడిమిలోనే పెట్టెలో సర్ది కొరియర్‌కు ఇచ్చేసింది. పేగు శుభ్రం చేసే మందు మొదలుపెట్టకముందే రక్తం ఇచ్చెయ్యాలని రూలు, అందుకే నన్ను ముందుగా పిలిచారు.

ల్యాబులో ఏం చేస్తారో నేను చూడలేదు గానీ, ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. సెప్టిన్9 లాంటి పరీక్షల్లో డీఎన్ఏకి బైసల్ఫైట్ అనే రసాయనం కలుపుతారు. మీథైల్ గుర్తు లేని సి అక్షరాలన్నీ దాని దెబ్బకు వేరే అక్షరంగా మారిపోతాయి. గుర్తు ఉన్నవి చెక్కుచెదరవు. ఇక మిగిలిన సి ఎక్కడ కనబడితే అక్కడ మీథైల్ ఉన్నట్టే. కొత్త పరీక్షలు ఈ గుర్తులతో పాటు ముక్కల పొడవులు, తెగిన తీరు, జన్యువుల్లో వచ్చిన మార్పులు కూడా కలిపి లెక్కగడతాయి.

రక్తం ఇవ్వడం ఎంత తేలికో కొలనోస్కోపీకి సిద్ధం కావడం అంత కష్టం. భయపెట్టడానికి చెప్పడం లేదు, మనవాళ్లకు ఎవరూ చెప్పని ఒక చిక్కు ఉంది. చీటీలో కొన్ని రోజుల ముందు నుంచి గింజలు తినకూడదని ఉంది. పాప్‌కార్న్, నట్స్, గింజల బ్రెడ్ అని ఉదాహరణలు ఇచ్చారు. మనం ఇవేవీ రోజూ తినం కాబట్టి ఫరవాలేదనుకుంటాం. ఆవాలు? జీలకర్ర? టమాటా గింజలు, వంకాయ గింజలు, మెంతులు? గింజలు పేగు గోడకు అతుక్కుంటాయి, కెమెరా దారిలో అడ్డం పడతాయి, పీల్చే గొట్టంలో ఇరుక్కుంటాయి. పోపు లేకుండా తెలుగింట్లో వంటేముంటుంది చెప్పండి. పోపు వెయ్యని పప్పు, తెల్లన్నం, ఉడికించిన బంగాళాదుంప, పెరుగన్నంతో నెట్టుకొచ్చాను. ఆకుకూరలూ వద్దు, అంటే గోంగూర కూడా లేదు. ముందురోజు ఉత్త తేట ద్రవాలే. మజ్జిగ కుదరదు, అది తేట కాదు. ఎరుపు, ఊదా రంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనబడతాయని. చారు వడగట్టి పైతేట తాగొచ్చా అని నర్సుకు ఫోన్ చేశాను. చారంటే ఏమిటో చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి టమాటా వేసి ఉంటే వద్దంది.

ఇక ఆ మందు. పెద్ద జగ్గు నిండా ఉప్పుప్పగా, జిడ్డుగా ఉంటుంది. సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి. బాగా చల్లబరిచి, నిమ్మచెక్క వాసన చూస్తూ, స్ట్రాతో నాలిక వెనక్కి పడేలా తాగితే దిగుతుంది. రెండో సగం ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొట్టొద్దు. పేగు కుడివైపు శుభ్రపడేది దాంతోనే. నా విషయంలో ఉన్నదంతా కుడివైపే ఉంది.

ప్రొసీజర్ గురించి చెప్పడానికేమీ లేదు. మత్తు ఎక్కించారు, లేచేసరికి అయిపోయింది. డాక్టరు ఫోటోలు తెచ్చి చూపించారు. లేత గులాబీ రంగు గోడ మీద చిన్న బుడిపె. 12 మిల్లీమీటర్లు. ఉచ్చులాంటి తీగ వేసి అక్కడికక్కడే తీసేశామన్నారు. బయాప్సీలో అడినోమా అనే రకం పాలిప్ అని వచ్చింది, క్యాన్సర్ లేదు. అయితే సైజు 10 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి 'అడ్వాన్స్‌డ్ అడినోమా' కింద లెక్కవేసి, మూడేళ్లకు మళ్లీ రమ్మన్నారు. ఇలాంటి వాటిల్లో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి, మామూలుగా అందుకు పదేళ్ల దాకా పడుతుంది. బాబాయికీ ఎప్పుడో ఒకప్పుడు ఇంతే ఉండి ఉంటుందని ఆ ఫోటో చూస్తున్నంతసేపూ అనిపించింది.

ఆ గొట్టాల్లో నా నెత్తురు ఏం చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. కానీ ఇలాంటి పెద్ద అధ్యయనాల్లో ఒకటైన ఎక్లిప్స్ ఫలితాలు 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాక ఊహించగలను. షీల్డ్‌కు అనుమతి వచ్చింది ఆ లెక్కల మీదే. అందులో 7,861 మంది ఫలితాలు చూశారు. 65 మందికి క్యాన్సర్ ఉంటే రక్తపరీక్ష 54 మందిని పట్టుకుంది, అంటే 83 శాతం. అంతకు పదేళ్ల ముందు, 2014లో సెప్టిన్9 మీద ప్రిసెప్ట్ అధ్యయనం ఇచ్చిన 48 శాతంతో పోలిస్తే ఎంతో మెరుగు. పేపర్లలో హెడ్డింగులన్నీ ఆ 83 మీదే వచ్చాయి. నా కళ్లు మాత్రం ఇంకో అంకె మీద ఆగాయి. నాకు తీసినలాంటి, క్యాన్సర్‌కు ముందు దశలోని ముదురు పాలిప్స్‌ని రక్తపరీక్ష పట్టుకున్నది 13 శాతమే. అంటే నాలాంటివాళ్లు వందమంది ఉంటే ఎనభై ఏడు మందికి 'ఏమీ లేదు' అని వస్తుంది.

ఎందుకలా అంటే కారణం పైన చెప్పుకున్నదాంట్లోనే ఉంది. పాలిప్ పేగు లోపలి పొర మీద కూర్చుని ఉంటుంది, ఇంకా రక్తనాళాల్లోకి చొరబడలేదు. దాని చచ్చిన కణాలు ఎక్కువగా పేగులోకే రాలిపోయి మలంలో కలిసి వెళ్లిపోతాయి. అందుకే మలంలో డీఎన్ఏ వెతికే పరీక్షలు ఈ విషయంలో కాస్త నయం. 2014లో వచ్చిన కోలోగార్డ్ కూడా మీథైలేషన్ గుర్తులనే వెతుకుతుంది, ఎన్‌డీఆర్‌జీ4, బీఎంపీ3 అనే జన్యువుల దగ్గర, కాకపోతే మలంలో. దాని అధ్యయనంలో క్యాన్సర్‌ను 92 శాతం, ముదురు పాలిప్స్‌ను 42 శాతం పట్టుకుంది.

ఇదంతా చెబితే మా ఆయన "మరి పాజిటివ్ వస్తే అప్పుడే చేయించుకుంటా కొలనోస్కోపీ" అన్నారు. అక్కడే నేను కాగితం తీశాను. ఏ లక్షణాలూ లేని వెయ్యిమందికి ఈ పరీక్ష చేశామనుకోండి. అందులో నలుగురైదుగురికి క్యాన్సర్ ఉందనుకుందాం. నలుగురు దొరుకుతారు. మిగతావాళ్లలోనూ పదిమందికొకరికి పాజిటివ్ వస్తుంది, అంటే ఇంకో వందమంది. వాళ్లలో కొందరికి పాలిప్స్ ఉండొచ్చు, ఎక్కువమందికి చెప్పుకోదగ్గదేమీ ఉండదు. కానీ ఆ వందమందీ కొలనోస్కోపీ అయ్యేదాకా నిద్రపోరు. మా ఆయన టెన్షన్ నాకు తెలుసు. బీపీ నాలుగు పాయింట్లు పెరిగితే గూగుల్ తెరిచే మనిషి.

డబ్బు సంగతి కూడా ఉంది. పెద్దవయసువాళ్లకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికేర్ 2025లో ఈ పరీక్షకు చెల్లించిన రేటు 1,495 డాలర్లు. టాస్క్ ఫోర్స్ 2021 సిఫార్సుల్లో రక్తపరీక్ష లేదు కాబట్టి ప్రైవేటు ఇన్సూరెన్సులు దీన్ని పైసా తీసుకోకుండా ఇచ్చి తీరాలన్న నిబంధన వర్తించదు. కొలనోస్కోపీకి, మలపరీక్షకు వర్తిస్తుంది.

అలాగని రక్తపరీక్ష పనికిరాదని నేననను. మలం డబ్బాలో పట్టమంటే ముఖం తిప్పుకునేవాళ్లు, కొలనోస్కోపీ పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. అసలేదీ చేయించుకోని మనిషికి 83 శాతం అంటే చిన్న విషయం కాదు. మూడేళ్లకోసారి తప్పకుండా చేయించుకోవాలి, పాజిటివ్ వస్తే నోరు మూసుకుని కొలనోస్కోపీకి వెళ్లాలి. ఈ రెంటికీ ఒప్పుకునేవాళ్లకే అది పరీక్ష. నెగటివ్ కాగితం జేబులో పెట్టుకుని పదేళ్లు తిరుగుదామనుకునేవాళ్లకు అది దండగ.

మా ఆయన చివరికి మధ్యేమార్గం పట్టారు. ఏటా ఇంట్లోనే చేసే ఫిట్ అనే మలపరీక్ష. కంటికి కనబడని రక్తాన్ని పట్టుకుంటుంది, గ్వాయాక్ అనే పాత మలపరీక్షలా తిండి మీద ఆంక్షలుండవు. పుల్లతో గీకి, చిన్న సీసాలో గుచ్చి, పోస్టులో పడేయడమే. ఖర్చు తక్కువ. కోలోగార్డ్‌తో పోల్చిన అధ్యయనంలోనే అది క్యాన్సర్‌ను 74 శాతం పట్టుకుంది, అనవసరపు పాజిటివ్‌లు మాత్రం ఇరవైమందికి ఒకరే. ఏటా చేస్తేనే దానికి విలువ. ఆ కవరు డైనింగ్ టేబుల్ మీద చాలాకాలం ఉండి, మా అమ్మాయి కోప్పడ్డాక కదిలింది. నెగటివ్ వచ్చింది. నాకు 2025లో మళ్లీ కొలనోస్కోపీ అయింది, ఈసారి ఏమీ లేదు, ఐదేళ్ల తర్వాత రమ్మన్నారు.

ఈ కబుర్లన్నీ విజయవాడలో ఉన్న మా వదినతో ఫోన్లో చెబుతుంటే, "మీ అన్నయ్యకు హెల్త్ ప్యాకేజీలో క్యాన్సర్ టెస్టు కూడా చేశారమ్మా, నార్మలే" అంది. రిపోర్టు ఫోటో పంపమన్నాను. అందులో ఉన్నది సీఈఏ అనే రక్తపరీక్ష. అది స్క్రీనింగ్ పరీక్షే కాదు. పెద్దపేగు క్యాన్సర్ ఉందని తేలినవాళ్లకు వైద్యం అయ్యాక, మళ్లీ తిరగబెడుతోందా అని కనిపెట్టుకోడానికి వాడతారు. తొలిదశలో చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది, పొగతాగేవాళ్లకు ఏ జబ్బూ లేకుండానే పెరగొచ్చు. అసలెందుకు చేయించారని కాస్త గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, అన్నయ్యకు అప్పుడప్పుడూ రక్తం పడుతోందట, మొలలేమోనని ఊరుకున్నారట.

రక్తం పడుతున్న మనిషికి షీల్డ్ అయినా, సెప్టిన్9 అయినా, ఫిట్ అయినా సరిపోదు. లక్షణం కనబడిందంటే స్క్రీనింగ్ దాటిపోయినట్టే, ఇక డాక్టరు స్వయంగా చూడాల్సిందే, అవసరమైతే కెమెరా పెట్టి చూడాల్సిందే. అదే చెప్పాను, బాబాయి పేరు కూడా ఎత్తాను. అన్నయ్య మొండివాడే గానీ ఆ పేరు పనిచేసింది. గ్యాస్ట్రో డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నారు. ఆవాలు, జీలకర్ర మానెయ్యమని నేను చెప్పబోతే వదిన నవ్వింది. అక్కడ ఇచ్చిన చీటీలో మొదటి వరసలోనే పోపు వెయ్యొద్దని తెలుగులో రాసి ఉందట.